గాలి తగలని పెట్టె

తమ్ముడు అరుస్తున్నాడు. కూలీలు కదలడం లేదు.

బేకరీ అక్కకు తమ్ముడు కాబట్టి అతన్ని ఊరంతా తమ్ముడనే పిలుస్తుంది. అక్క పొయ్యి దగ్గర పని చూసుకుంటే, బయటి పనులన్నీ ఇతనివే. యార్డులో ఓడకెక్కే కంటైనర్ ముందు లారీ ఆగి ఉంది. లారీ నిండా అక్క చేసిన బిస్కెట్ల డబ్బాలు.

పరాయి దేశం నుంచి వచ్చిన మొదటి ఆర్డరు అది. ఊళ్ళో బేరాలు పడిపోయి బేకరీ మూసేసే స్థితికి వచ్చింది. "ఈ ఓడ తప్పిందంటే ఇక నేను పొయ్యి వెలిగించనురా" అని అక్క పొద్దున్నే చెప్పి పంపింది.

విమానంలో పంపుదామంటే బిస్కెట్లకన్నా వాటి ప్రయాణమే ఖరీదు. అందుకని ఓడ. అందులోనూ రెండు రేట్లు. కడిగి, గాలి పట్టించి ఇచ్చే కంటైనర్‌కి ఒకటి, ఓడ దిగింది దిగినట్టు తెచ్చి ఇచ్చేదానికి ఒకటి. తమ్ముడు చవకదే మాట్లాడుకున్నాడు.

"డబ్బాలో ఉండే బిస్కెట్‌కి కడిగిన ఇల్లెందుకక్కా?" అని అక్కను నవ్వించి మరీ ఒప్పించాడు.

ఇప్పుడు చూస్తే ఈ కూలీలు.

"ఎవరి కోసమయ్యా చూస్తున్నారు?"

"పెద్దాయన వస్తాడు బాబూ. ఆయన లోపలికెళ్ళి చూసి సరేనంటే ఎక్కిస్తాం" అన్నాడు కూలీల మేస్త్రీ.

"ఆయనేమన్నా ఆఫీసరా?"

"కాదు."

"మరి?"

మేస్త్రీ తల గోక్కుని దారి వైపు చూశాడు.

పెద్దాయన వచ్చాడు. మాసిన చొక్కా, మెడలో తడి తువ్వాలు. సగం తీసిన తలుపు దగ్గర నిలబడి గాలి పీల్చి, ముఖం చిట్లించాడు.

"రెండో తలుపు కూడా తీసి, కాసేపు అలా వదిలెయ్యండి."

"కాసేపంటే?"

"గంటో, రెండు గంటలో."

"ఈలోగా పోర్టు గేటు మూసేస్తారు. ఓడ నీ కోసం ఆగుతుందా?"

"ఇంకో ఓడ వస్తుంది బాబూ."

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి మెలికలు పెట్టేది చెయ్యి తడిపించుకోవడం కోసమేనని అతనికి బాగా తెలుసు. జేబులోంచి నోటు తీసి అందించబోయాడు. పెద్దాయన అటు చూడనైనా లేదు.

"ఏం, చాలదా?"

"లోపల పెట్టుకో."

తమ్ముడు కూలీల వైపు తిరిగాడు.

"మీవల్ల కాదంటే చెప్పండి, వేరేవాళ్ళను పిలుచుకుంటాను. ఈ పూట కూలి మాత్రం మర్చిపోండి."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కొత్తగా పనిలో చేరినవాడొకడు డబ్బా భుజానికెత్తుకుని లోపల కాలు పెట్టబోయాడు.

పెద్దాయన వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగు. ముందు నేను."

తువ్వాలు ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. చీకట్లో అతని అడుగుల చప్పుడు చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

"ఏం పెద్దాయనా, కునుకు తీస్తున్నావా?" అన్నాడు తమ్ముడు.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ ఊపిరి బిగబట్టి లోపలికి పరుగెత్తాడు.

ఈడ్చుకొచ్చి బయట పడుకోబెట్టేసరికి పెద్దాయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అంతకుముందు వచ్చిన సరుకుకు పురుగు పట్టకుండా పెట్టిన మందు గ్యాసు, గాలి తగలని ఆ పెట్టెలో అలాగే నిలిచిపోయిందట.

బిస్కెట్లు వేరే కంటైనర్‌లో, ఆ తర్వాతి ఓడకు వెళ్ళాయి. ఆలస్యమైందని అక్కడి షాపువాళ్ళు ఒక్క మాట అనలేదు. పైగా రెట్టింపు సరుకు పంపమన్నారు.

అక్క సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తమ్ముడికి మాత్రం అన్నం సయించడం లేదు. అక్క పొయ్యి తలుపు తీసినప్పుడల్లా, ఎవరో లోపలికి నడిచి వెళ్తున్నట్టు అడుగుల చప్పుడు వినిపించేది. ఎక్కడ ఆగిపోతుందో తెలిసి, ఆగేలోపే చెవులు మూసుకునేవాడు.

"ఏంట్రా, దయ్యం పట్టినవాడిలా ఆ చూపేంటి?" అంది అక్క.

"ఏం లేదక్కా" అన్నాడు.

రెట్టింపు సరుకుతో మళ్ళీ అదే యార్డుకు వెళ్ళాడు. ఈసారి కడిగి, గాలి పట్టించిన కంటైనరే అడిగాడు. రేటు బేరమాడలేదు. రెండు తలుపులూ పొద్దుటి నుంచీ బార్లా తీసే ఉన్నాయి. అయినా కూలీలు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

తమ్ముడు అరవలేదు. వెళ్ళి మేస్త్రీ పక్కన నిలబడ్డాడు.

"పెద్దాయన మీకేమవుతాడు?"

"ఏమీ కాడు బాబూ."

"జీతం ఎవరిచ్చేవాళ్ళు?"

"ఎవరూ ఇవ్వలేదు. మేం టీ ఇప్పిస్తామన్నా తాగేవాడు కాదు."

"మరి ఎవరి కోసమయ్యా అలా ముందు దూరేవాడు?"

మేస్త్రీ కంటైనర్ లోపలికి చెయ్యి చూపించాడు.

"ఇదివరకు కూడా ఒకడు ఇలాగే పోయాడు. లోపల మందు గ్యాసు ఉంటే, ఎవరూ వెళ్ళొద్దని మందు పెట్టినవాడు తలుపు మీద కాగితం అంటించాలి. ఆ రోజు అంటించలేదు. తెలియక వెళ్ళాడు."

తమ్ముడు మేస్త్రీ వైపు తిరిగాడు.

"పెద్దాయన కొడుకా?"

"కాదు బాబూ, పోయింది మా అన్న" అన్నాడు మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ. "కాగితం అంటించడం మర్చిపోయింది పెద్దాయన."