రేవు బండ

ఫోన్ మళ్ళీ మోగింది. వరద హెచ్చరికల గదిలో కూర్చున్న అమ్మాయికి ఒళ్ళు మండింది.

"తల్లీ, నీళ్ళెంత ఉన్నాయి?" అదే ముసలి గొంతు.

"నాలుగు మీటర్లు."

"అంటే రేవు బండ మునిగినట్టా, లేనట్టా?"

ఏటి పొడవునా సెన్సర్లు, పైన మబ్బుల్ని కనిపెట్టే ఉపగ్రహం. ఇన్ని ఉన్నా ఈయనకు బండే కావాలి. యాప్‌లో చూసుకోమని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. మబ్బు పడితే చాలు, పొద్దస్తమానం ఫోనే.

"ప్రమాదమైతే మీ పల్లపు పేటలో సైరన్ మోగుతుంది తాతగారూ. పోయినేడు మోగలేదా? అందరూ ముందే ఖాళీ చెయ్యలేదా?"

"మోగిందిలే తల్లీ," అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ పెట్టేసి, ఆ నంబరును బ్లాక్ చేసి పారేసింది. గది ప్రశాంతమైంది.

వారం తిరక్కుండానే కుంభవృష్టి కురిసింది. సెన్సర్లు ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఆమె సమయానికే పేటలో అందరి ఫోన్లకూ మెసేజ్ పంపి, సైరన్ మీట నొక్కింది. బోర్డు మీద పచ్చదీపం వెలిగింది. హమ్మయ్య అనుకుంది.

సాయంత్రానికి పల్లపు పేట మునిగింది. కప్పులెక్కిన జనాన్ని పడవల్లో తెచ్చి బడిలో ఉంచారు. ఏం జరిగిందో కనుక్కోమని పెద్ద సారు ఆమెను అక్కడికి తరిమాడు.

పరికరాలన్నీ పనిచేసినా మనుషులు కదలకపోతే తనేం చెయ్యాలి? ఆ విసుగంతా తడిచీర పిండుకుంటున్న ఒకావిడ మీద చూపించింది.

"సైరన్ మోగినా ఇళ్ళలోనే కూర్చున్నారేంటండీ?"

"సైరనా? అది మూగబోయి మూడేళ్ళయిందమ్మా. మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు."

"మరి మా మెసేజ్?"

"ఫోన్‌లో ఏదో టింగుమంది. తాత ఇంకా రాలేదుగా, భయం లేదనుకున్నాం."

"ఏ తాత?"

"మీ ఆఫీసుకే ఫోన్ చేసేవాడు. పొద్దున్నించీ చేస్తే కలవలేదట. బండ మునిగిందో లేదో తనే చూసొస్తానని రేవుకు పోయాడు. ఇంక రాలేదు."

పోయినేడు సైరన్ మోగింది కదా అని ఆమె అడిగింది.

"పోయినేడు మోగింది తాతేనమ్మా," అందావిడ, "కంచం కొట్టుకుంటూ, ఇంటింటికీ."