ఆరో పిల్ల

“ఐదే కదరా ఉండాలి! ఈ ఆరోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

రాగసుధ తెరమీద వరసలు మళ్ళీ వేలుపెట్టి లెక్కపెట్టింది. ఆరే.

దబీర్‌పురాలో మేడమీద ఒక గది, రెండు కంప్యూటర్లు, రెండేళ్ళ చాకిరీ. 2001 వేసవినాటికి ఆమె, రామ్‌చందర్ కలిసి పెట్టుకున్న కంపెనీ అంతే. వాళ్ళు రాసిన తల్లి ప్రోగ్రామ్ ఇక్కడుంటుంది. చార్మినార్ చుట్టుపక్కల ఐదు దుకాణాల కంప్యూటర్లలో పొద్దున్నే ఒక్కో పిల్ల ప్రోగ్రామ్ లేస్తుంది. లేవగానే ఫోన్ లైన్లో తల్లికి కబురు పెడుతుంది; ఇక్కడ తెరమీద దాని పేర ఒక వరస పడుతుంది. ఆ దుకాణం సరుకు వివరమంతా దాని దగ్గరే ఉంటుంది. ఎవరు ఎక్కణ్ణుంచి అడిగినా అదే జవాబు చెబుతుంది.

ఆరోది లేచిందంటే, ఎవరో తమ ప్రోగ్రామ్ సీడీ కాపీ చేసి దొంగచాటుగా అమ్ముకున్నారన్నమాట.

అది ఏ ఫోన్ నుంచి పలికిందో తెరమీదే ఉంది. ఆ నంబరు తిప్పితే ఎంగేజ్. కంప్యూటరే లైను పట్టుక్కూర్చుంది మరి!

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే,” అన్నాడు రాగసుధ భర్త ప్రకాశం. అతనికి కోడు ఓనమాలు రావు. దుకాణాలు తిరిగి బేరాలు కుదిర్చేది మాత్రం అతనే. “రాసింది మీరిద్దరు. నువ్వివ్వలేదు. ఇంకెవరు సుధా?”

రామ్‌చందర్ ముఖం కందగడ్డయింది. “ఏంది బావా గట్లంటవ్? అమ్ముకునేటోణ్ణయితే, మన ఆఫీసు నంబరు దాంట్ల గట్లనే ఉంచుతనా? గా నంబరు రాసిందే నేను!”

“దొంగ ఎప్పుడూ ఏదో ఒకటి మరిచిపోతాడు.”

రామ్‌చందర్ ఆమె వైపు తిరిగాడు. “అక్కా, నువ్వు గూడ నమ్ముతున్నవా?”

రెండేళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. సొంత తమ్ముడనుకుంది. ఎంత మోసం!

“తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళు.”

పెట్టాడు. మెట్లు దిగిపోయాడు.

రాగసుధ వెక్కివెక్కి ఏడ్చింది. ప్రకాశం మంచినీళ్ళు తాగించాడు. “ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మకూడదు సుధా. ఊరుకో. శనివారం కదా, నీకు మల్లెపూలు తెచ్చిపెడతాను,” అని తల నిమిరి, స్కూటరు తీశాడు. నెల్లాళ్ళుగా ప్రతి శనివారం దోసెడు మల్లెలు తెస్తున్నాడు పాపం. ఎక్కడివంటే నవ్వేస్తాడు. ఈయనైనా ఉన్నాడు, అదే పదివేలు అనుకుంది.

సాయంత్రానికి తెరమీద ఆరో వరస మాయమైంది. అక్కడ కంప్యూటరు కట్టేసినట్టున్నారు. అంటే లైను ఖాళీ. రామ్‌చందర్ తమ ప్రోగ్రామ్‌ను ఎవరికి అమ్ముకున్నాడో వాళ్ళ నోటే వినాలని, కసికొద్దీ నంబరు తిప్పింది.

“హలో, పూలమండి. గుండయ్యను మాట్లాడుతున్న.”

“దబీర్‌పురా కంప్యూటర్ ఆఫీసు నుంచండీ. మీ దగ్గర మా ప్రోగ్రామ్ పెట్టిందెవరు?”

“మీ ప్రకాశం సారే గదమ్మా! ఇంటామెకని ఎప్పటిలెక్కనే మల్లెపూలు కట్టించుకొని గిప్పుడే బయల్దేరిండు.”