విడుదల ఎవరికి?

సరిగ్గా కొరడా పైకి లేచిన చోట పాస్టర్ గారు సినిమా ఆపారు.

ప్రార్థన మందిరం గోడ మీద బొమ్మ నిలిచిపోయింది. రాళ్ళ క్వారీ. మోకాళ్ళ మీద ఒక స్త్రీ. ఆమె వెనక కావలివాడు.

"కొరడా లేచింది. ఆమె తల మాత్రం దిగలేదు, చూశారా?" అన్నారాయన. "మనిషి దేవుని పోలికలో పుట్టాడు. ఆ పోలికను ఏ కొరడా చెరపలేదు. నాలుగు డబ్బుల కోసం తీసిన సినిమాలో కూడా ప్రభువు మాట్లాడతాడు, వినే చెవులుంటే."

"ఆమేన్" అంటూ జనం కళ్ళు తుడుచుకున్నారు.

అది బాగా ఆడిన సినిమా. నిజంగా జరిగిన కథ. క్వారీలో బందీలైన కూలీలను వాళ్ళలోనే ఒక స్త్రీ విడిపించుకుపోతుంది.

ముందు వరుసలోంచి ఒక ముసలాయన లేచాడు. ఎవరికీ తెలిసిన మొహం కాదు. వెనక సందులో అద్దెకుంటాడట.

"అయ్యగారూ, ఒక్క మాట."

"అడుగు తాతా."

"ఆ కావలివాడికి కూడా ఉంటుందాండీ, విడుదల?"

పాస్టర్ గారు గోడ వైపు చెయ్యి చూపించారు. "వాడి మొహం చూస్తే ఏమనిపిస్తోంది?"

హాలంతా నవ్వింది.

"సినిమాలో మొహం కాదండీ..."

"పశ్చాత్తాపపడితే మాట వేరు. ఇలాంటివాళ్ళు పడతారా? ప్రభువును పట్టిచ్చిన యూదా వెండి నాణేలకు అమ్ముడుపోయాడు, వీడు జీతానికి. దెబ్బలు తిన్నవాళ్ళ గురించి చెప్పుకుంటుంటే కొట్టినవాడి మీద జాలేంటి నీకు?"

"జాలి కాదండీ. తెలుసుకుందామని."

సంఘ పెద్ద వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "పెద్దాయనా, వెనక్కెళ్ళి కూర్చో. అందరి ధ్యాసా చెడగొట్టకు."

ముసలాయన వెనక్కి వెళ్ళాడు కానీ కూర్చోలేదు. చప్పుడు కాకుండా తలుపు చేరవేసి వెళ్ళిపోయాడు.

ఆ ప్రసంగానికి ఎంత పేరొచ్చిందంటే, సినిమాకు మూలమైన స్త్రీనే సాక్ష్యం చెప్పడానికి రమ్మని కబురు పెట్టారు. ఎక్కడికీ రాని మనిషి, అడగ్గానే ఒప్పుకుంది.

ఆమె లోపలికి రాగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక ఎక్కకుండా నేరుగా పాస్టర్ గారి దగ్గరకు వచ్చింది.

"మీ వెనక సందులో ఒక పెద్దాయన ఉండేవాడండీ. ఆయన కోసమే వచ్చాను. ఎన్నేళ్ళ నుంచో వెతుకుతుంటే, ఈ మధ్యే ఇక్కడున్నాడని తెలిసింది. తీరా వస్తే, పోయిన వారమే కన్నుమూశాడంది ఇంటామె."

"అయ్యో. మా సంఘంలో మనిషి కాదమ్మా."

"సినిమా చూపించిన రోజు ఇక్కడికి వచ్చాడట. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదట. ఇక్కడ ఏమైనా అన్నాడాండీ?"

పాస్టర్ గారు సంఘ పెద్ద వైపు చూశారు. సంఘ పెద్ద నేల చూపులు చూస్తున్నాడు.

"ఏదో... అడిగాడమ్మా."

"మీరేం చెప్పారు?"

ఆయన ఆమె ముందుకు కుర్చీ జరిపారు.

"మీకు ఏమవుతాడమ్మా?" అన్నారు.

"ఏమీ కాడండీ. సినిమాలో అందర్నీ నేనే తప్పించినట్టు చూపించారు. నిజం పెడితే రక్తి కట్టదన్నారు. ఆ రాత్రి గది తాళం తీసి మమ్మల్నందర్నీ బయటికి పంపి, తను దొరికిపోయిన కావలివాడు ఆయనే."