పొగలో తెల్లని మనిషి

మంటలార్పడానికి ఇంట్లోకి దూరిన లోర్నాకి ఆ పొగలో తన చెయ్యే కనిపించలేదు. ఒంటి వేడిని పట్టి చూపే థర్మల్ కెమెరా తెర మీద మాత్రం, మంచం పక్కన ముడుచుకుని పడి ఉన్న ఆ ఇంటి యజమాని తెల్లగా మెరిశాడు.

వెండెల్ పైక్. రెండేళ్ల కిందట ఊరి సభలో లేచి, "పొగలో చూడ్డానికి ఏడు వేల డాలర్ల బొమ్మా? గోడ తడుముకుంటూ పోతే చాలదూ?" అన్నది ఇతనే. ఊరంతా నవ్వి, ఫైర్ స్టేషన్‌కి కెమెరా కొనొద్దని చేతులెత్తి ఓటేసింది. ఆ చలికాలమే, మంటలార్పడానికి వెళ్లిన లోర్నా అన్న గోడ తడుముకుంటూ వచ్చి, తలుపుకి ఆరడుగుల దూరంలో ఊపిరాడక చనిపోయాడు. ఆ తర్వాత ఫైర్ స్టేషన్లో ఆదివారాలు పాన్‌కేకులు అమ్మి ఈ కెమెరా కొన్నది లోర్నాయే.

లోపల ఎవరూ లేరని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వంగి, అతని చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చింది.

మంచులో పడి దగ్గుతూ వెండెల్ ఆమెను గుర్తుపట్టాడు. "నన్ను క్షమించావా, తల్లీ?"

"లేదండీ. మీరు పోతే ఊరంతా మీ గురించి మంచే చెబుతుంది, అందుకే బయటికి లాగాను. మార్చిలో మళ్లీ ఊరి సభ ఉంది. ఈ కెమెరాలో నాకు మీరు ఎంతసేపట్లో కనిపించారో మీరే లేచి చెప్పాలి. ముందు వరసలో మా వదిన కూర్చుంటుంది."