ఫాహీ వాళ్ళ గోడ

"సోమవారం జేసీబీ వస్తుందమ్మా," అన్నాడు ఫింటన్, బురద బూట్లు విప్పుతూ.

తల్లి డీలియా టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నీ పెళ్ళికి కట్టే ఇల్లు పై పొలంలో వద్దురా. అక్కడ మీ అన్న ఉన్నాడేమో."

"ఎక్కడున్నాడో చెప్పు. ఆ చోట పార కూడా పెట్టనివ్వను."

అదే ఆమెకు తెలియదు.

నలభై ఏళ్ళ కిందట తొలికాన్పులో బిడ్డ చచ్చి పుట్టాడు. జ్ఞానస్నానం కాని పసికందుకు చర్చి శ్మశానంలో చోటివ్వని రోజులవి. ఆమె మంచం దిగకముందే మొగుడు లూక్ ఎక్కడో పూడ్చి వచ్చాడు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. విప్పకుండానే పోయాడు.

"ఆ పొలంలోనే అని నీకెవరు చెప్పారమ్మా?"

"నా కడుపు చెబుతోందిరా."

"నీ కడుపు మొన్న ఓ మబ్బు చూసి, మన గొర్రెలన్నీ వరదలో కొట్టుకుపోతాయని కూడా చెప్పింది!"

శనివారం ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో ముసలాయన. ఎముకల గూడులా ఉన్నాడు. చంకలో చుట్టిన పటం.

"ఏమనుకోకండమ్మా. ఇది మా తాతల నాటి భూముల పటం. డబ్లిన్‌లో పాత రికార్డులు వెతికించి నకలు తెచ్చుకున్నాను. మేం ఫాహీలం. మీ పై పొలం ఒకప్పుడు మాదే."

డీలియా తలుపు సగం దగ్గరకు వేసింది.

ఆ కాన్పు అయిన ఏడాదే ఫాహీలు ఇంగ్లండు వెళ్ళిపోతూ ఆ పొలాన్ని ఆమె మామగారికి చేతిలో చెయ్యేసి అమ్మారు. కాగితం రాసుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. ఆ చుట్టుపక్కల పటం పట్టుకొచ్చిన మనిషికి ఎవరూ దారి చెప్పరు. పొలం పట్టుకుపోవడానికి కాకపోతే పటం ఎందుకు?

కోర్టు, నోటీసులు, ఆగిపోయిన ఇల్లు, తప్పిపోయిన ఫింటన్ పెళ్ళి. గుమ్మంలో నిలబడే అన్నీ చూసేసిందామె.

"ఇదిగో, ఇక్కడ రాతిగోడ ఉండాలి." ఆయన పటం మీద వేలు పెట్టాడు. "అది ఎక్కడుండేదో చూపిస్తే చాలమ్మా."

ఆ గోడను ట్రాక్టరుతో పీకించింది లూకే. రాళ్ళు ఇప్పటికీ పెరట్లో ఉన్నాయి.

"అక్కడ గోడ ఎప్పుడూ లేదండీ."

"ఉండేదమ్మా, నా చేతుల్తో..."

"మీరు కొండకవతల పొలం సంగతి చెబుతున్నట్టున్నారు."

"లూక్ ఉన్నాడా?"

"పోయాడు."

ఆయన టోపీ తీశాడు.

"అయితే మీతోనే చెప్పాలి. కాస్త కూర్చోనిస్తే..."

"పొయ్యిలో రొట్టె మాడిపోతోందండీ!"

తలుపు వేసేసింది. పొయ్యి వెలిగించనే లేదు.

కిటికీ తెర పక్క నుంచి చూసింది. వానలో నిలబడి పటం వంక, పొలం వంక మార్చి మార్చి చూశాడు. తల అడ్డంగా ఊపుకుంటూ రోడ్డెక్కాడు.

"పీడ విరగడైంది," అనుకుంది.

సోమవారం జేసీబీ వచ్చింది. నెల తిరగకుండా పునాదుల్లో కాంక్రీటు పడింది.

"చూశావా, ఏమీ లేదక్కడ," అన్నాడు ఫింటన్.

క్రిస్మస్ ముందు ఓ ఉదయం, రేడియోలో చావుకబుర్లు చదువుతుంటే 'కోల్మన్ ఫాహీ' అన్న పేరు వినబడింది. ఆ పటం ముసలాయనే అయ్యుండాలి. పుట్టిన ఊళ్ళోనే పూడ్చమని కోరాడట.

వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని అంత్యక్రియలకు వెళ్ళింది. పరామర్శించేవాళ్ళ వరసలో నిలబడి, ఆయన చెల్లెలి చెయ్యి పట్టుకుని, "చాలా కష్టం వచ్చిందమ్మా మీకు," అంది.

"మీరు..."

"లూక్ భార్యను. డీలియా."

ఆవిడ చెయ్యి వదల్లేదు.

"అయ్యో, మీరేనా! డాక్టర్లు ప్రయాణం వద్దన్నా వినకుండా మీ కోసమే వచ్చాడమ్మా అన్నయ్య."

"నా కోసమా? పొలం కోసం కదూ?"

"పోయేవాడికి పొలమెందుకమ్మా! గోడ ఆనవాలు దొరికితే చోటు చూపించగలనన్నాడు. అసలు గోడే లేదన్నారట ఎవరో. తనకే మతి చెడిందని ఏడుస్తూ తిరిగొచ్చాడు."

"ఏ... ఏ చోటు?"

"మీ పసివాడి చోటమ్మా. ఆ సాయంత్రం లూక్ వెంట వెళ్ళి, గోడ పక్కన గొయ్యి తవ్వింది మా అన్నయ్యే."