చెరకు కారు టెస్ట్ డ్రైవ్

"ట్యాంకు నిండుగా ఉందా బాబూ?"

టౌన్లో అబీద్ సెంటర్ దాటకముందే తాతాజీ వెనక సీట్లోంచి మళ్ళీ అదే అడిగాడు. ముందు సీట్లో కూర్చున్న ఆయన కూతురు లావణ్య అద్దంలోంచి నాన్న మొహం చూసింది.

"ఫుల్లుగా ఉందండీ. సగం పెట్రోలు, సగం ఇథనాల్. ఫ్లెక్స్ ఫ్యూయల్ బండి కదండీ, ఏది ఎంత పోసినా అదే సర్దుకుంటుంది," అన్నాడు స్టీరింగు పట్టుకున్న గణేశ్వరరావు. షోరూంలో సేల్స్ చూసే కుర్రాడు. లావణ్య వైపు మాత్రం చూపు తిప్పడంలేదు.

"ఆ ఇథనాలు మా సెరుకుతోటే సేత్తారట గదా!" అని మురిసిపోయాడు తాతాజీ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయనది చెరకు సేద్యమే.

కారు కొందామని నాన్నను ఎగదోసింది లావణ్యే. ఆ మోసం తలుచుకుంటే ఏడుపొస్తోంది, ముందున్న రోడ్డు చూస్తే ఎగిరి గంతెయ్యాలని ఉంది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో దేవుడికే తెలియాలి.

చేసుకుంటే గణేశ్వరరావునే చేసుకోవాలని ఆమె పట్టు. పెదనాన్న జోగులేమో, డిగ్రీ చదివిన పిల్లని ఒక్క మాటైనా అడక్కుండా వేరే సంబంధం ఖాయం చేసేశాడు. అన్నగారి మాటకు ఎదురు చెప్పడం తాతాజీ ఎరగడు. అందుకే ఈ ఎత్తు. చెరకు తోటల దగ్గర నాన్నను దించేసి, నేరుగా సింహాచలం పోయి పెళ్ళి చేసుకోవాలి. గణేశ్వరరావు ఉద్యోగం పోతే పోనీ.

"బాబూ, ఈ బండి సింహాచలం కొండెక్కుతాదా?"

లావణ్య ఉలిక్కిపడింది. గణేశ్వరరావు కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఎ... ఎక్కుతుందండీ."

"మద్దిలో ఆగిపోదు గదా?"

"ఆగదండీ. నాదీ పూచీ."

"ఆనక మాట మార్సకూడదు మరి!"

రోలుగుంట దాటాక తోటల మధ్య కారు ఆగింది.

"ఒకసారి దిగి పొగ వాసన చూడండి. పెట్రోలు బండిలా కంపు కొట్టదు," అన్నాడు గణేశ్వరరావు, పాఠం అప్పజెప్పినట్టు.

అసలే మోకాళ్ళ నొప్పుల మనిషి, దిగనంటే కథ కంచికే అని లావణ్య భయపడింది. తాతాజీ మాత్రం చెప్పగానే దిగిపోయాడు. కారు వెనక్కి వెళ్ళి వంగి చూశాడు.

"బెల్లం పొయ్యి కాడ నిలబడ్డట్టుందిరా బాబూ! ఓ రౌండేసి రండి, పికప్పు సూత్తాను!"

కారు దూసుకుపోయింది. అద్దంలో తువ్వాలు ఊపుతున్న తండ్రి చిన్నవాడై, కనబడకుండా పోయాడు. లావణ్య కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. రావికమతం వచ్చేసింది. ఇక తమనెవరూ ఆపలేరు!

అప్పుడు ఫోను మోగింది. నాన్న. గణేశ్వరరావు వద్దంటున్నా ఆమె ఎత్తింది.

"నాన్నా... నన్ను క్షమించు..."

"ఏటా ఏడుపు? ఫోనెట్టీసి ముందు బేగెల్లండి," అన్నాడు తాతాజీ.

"పూలదండలట్టుకుని మీ యమ్మ కొండ మీద కూకుంది."