ఇంటికో వంతు

"వాక్యం పుస్తకంలో ఉంటుందండీ! ముసలాళ్ల నోళ్లలో కాదు!"

పాస్టర్ దినేశ్ బల్ల మీది ఎర్రగుడ్డ మూటను అరచేత్తో చరిచాడు. ఎదురుగా స్టాండుకు తగిలించిన ఫోన్‌లో లైవ్ నడుస్తోంది. పదకొండు మంది చూస్తున్నారు. అందులో నలుగురు ఆయన చుట్టాలే.

బయ్యారం పక్కన చిన్న ఊరు అది. రేకుల మందిరం, ముప్పై ఇళ్ల సంఘం. దినేశ్ గార్ల దగ్గరి తండాలో పుట్టాడు. హైదరాబాద్‌లో రెండేళ్లు బైబిల్ చదువు చదివి, ఆరు నెలల కింద ఇక్కడికి వచ్చాడు. వస్తూ వస్తూ కోస్తా యాస కూడా మోసుకొచ్చాడు. ప్రసంగమంటే అలాగే ఉండాలని టీవీలో చూసి నేర్చుకున్నాడు మరి. తల్లి లచ్చి ఫోన్ చేస్తే మాత్రం పక్కకు పోయి తండా భాషలో మాట్లాడతాడు.

వచ్చిన నెలకే సమాధుల మీద కొవ్వొత్తులు మాన్పించాడు. రెండో నెలలో పెళ్లికి పుస్తెలు వద్దన్నాడు. ఎవరైనా నోరు తెరిస్తే ఒకటే ప్రశ్న, "ఏ వచనంలో ఉందో చూపించండి?" పెద్దవాళ్లకు చదువు రాదు. చదువొచ్చిన పిల్లలకు వచనాల నంబర్లు తెలియవు. అందరూ ఆయన చెప్పినట్టే మానేశారు.

ఎర్రగుడ్డ మూట జోలికి మాత్రం ఆయన పోలేదు. అది తాతల నాటి పెద్ద బైబిల్. గుడ్డ చుట్టి బల్ల మీద పెడతారు, ఎవరూ విప్పరు. ఏటా క్రిస్మస్‌కు ముందు సంఘంలోని ముసలి మార్తమ్మ ఒక్కతే తలుపు గడియ పెట్టుకొని గుడ్డ మారుస్తుంది. ఆ పని ఏ వచనంలో ఉందని దినేశ్ అడగలేదు. లైవ్‌లో ఆ ఎరుపు భలే కనిపిస్తుంది. చరిస్తే గట్టిగా మోగుతుంది. చదువుకోడానికి ఎలాగూ ఫోన్ ఉంది.

ఇక మిగిలింది వంతు. ప్రసంగానికి ముందు ఒక్కో ఇంటివాళ్లు లేచి తమ వంతు మాటలు నోటికి చెప్పాలి. తాత తండ్రికి, తండ్రి బిడ్డకు నేర్పినవి. మార్తమ్మ ఇంటి వంతు కరువు కాలంలో విధవరాలి కథ.

"కుండల పిండి ఒడ్వలే, బుడ్డిల నూనె తక్వగాలే..."

ఆమె కళ్లు మూసుకొని రాగం తీస్తుంటే దినేశ్‌కు ఒళ్లు మండేది. దేవుడి మాటకు ఈ యాసేమిటి? ఈ సాగదీతేమిటి? ఛీ!

అందుకే ఈ ఆదివారం తేల్చేశాడు.

"ఈ రోజుతో వంతులు ఆపేస్తున్నాం. ఇంటికొకరు వచ్చి ఈ పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి వేసి ప్రమాణం చేయండి. చేయనివాళ్ల పేరు సంఘంలోంచి కొట్టేస్తాను. రేపు పోయాక సమాధుల తోటలో చోటు కూడా ఉండదు."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. తోటలో మార్తమ్మ భర్త పక్కన ఆమె కోసం ఆరడుగులు వదిలి ఉంచారు. రోజూ పొద్దున్నే పోయి ఆ జాగాలో గడ్డి పీకి వస్తుందామె. దినేశ్‌కు తెలుసు. తెలిసే అన్నాడు.

సంఘపెద్ద భిక్షం ముందుకు వచ్చి తల గోక్కున్నాడు. "అయ్యగారు, మా ఇంటి వంతే 'ఒట్టు వెట్టుకోవద్దు' అని గదా. మరెట్ల?"

"నీ వంతు ఎవడిక్కావాలయ్యా? చెయ్యి పెట్టు!"

భిక్షం పెట్టాడు. వెనకే వరస కట్టి అందరూ పెట్టారు. గొర్రెల మంద అనుకున్నాడు దినేశ్. చివరికి మార్తమ్మ ఒక్కతే చాప మీద కూర్చొని ఉంది.

"రావమ్మా!"

"నేను వెట్ట."

"దేవుడంటే భయం లేదా?"

"దేవుడంటే ఉన్నది. గా మూట మీద మాత్రం చెయ్యి వెట్ట."

"విన్నారా? మూటంట!" దినేశ్ ఫోన్ వైపు తిరిగాడు. చూసేవాళ్లు ఇరవై మూడు మంది అయ్యారు. ఆయనకు హుషారొచ్చింది. "సంఘంలోంచి నీ పేరు కొట్టేశాను. పో!"

మార్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకొని లేచి నిలబడింది.

"నా ఆరడుగులు పోతే పోనీ అయ్యగారు. ఇన్నొద్దులు మా ఆయన పక్కకు పోతనన్న ఆశతోటి బతికిన, గా ఆశ సుత ఇడిశిపెడ్త. గని జర గా వంతులు ఆపకు. నీకు దండం వెడ్త."

"మనుషులు పెట్టిన ఆచారాల గురించి దేవుడేమన్నాడో తెలుసా నీకు? ఫోన్‌లో కాదు, మీ తాతల పుస్తకంలోనే చదివి వినిపిస్తా!"

దినేశ్ మూట ముడి మీద చెయ్యి వేశాడు.

"ఇప్పకు బిడ్డా," అంది మార్తమ్మ. "నలుగుర్ల నీ ఇజ్జతే పోతది."

ముసలిదానికి ఇప్పుడు దడ పుట్టిందనుకున్నాడు. పళ్లతో ముడి లాగాడు. మూడు మడతల గుడ్డ జారింది. తోలు అట్ట తెరిచాడు. లోపల పేజీ ఒక్కటి కూడా లేదు. అట్టల మధ్య సరిగ్గా సరిపోయేలా చిత్రిక పట్టిన టేకు చెక్క ఉంది.

"చెదలు పుస్తకం తింటాంటే, ఉన్నకాడికన్న మిగలాలెనని మా మామ చదివి ఇంటికింత అందరికి నోటికి నేర్పిచ్చిండు బిడ్డా," అంది మార్తమ్మ, "గిప్పుడు నువ్వు గీ చెక్క మీద ఒట్టు వెట్టిచ్చి బంద్ చేపిచ్చింది గా బైబిలునే."